ఆయన వేసిన కూత

మా వీధి చివరింటి పెద్దమ్మ తన బొమ్మ ఆవిరి ఇంజనును తువ్వాలులో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకొచ్చినట్టు తెచ్చి నా రిపేరు బల్ల మీద పెట్టింది.

"పొగ రావడం మానేసింది, ఇంజనీరు బాబూ. కూత జోలికి మాత్రం పోకు. అది మా ఆయనది."

ఆయన నిజమైన రైళ్లు నడిపినవాడు. తన ఇంజను మీద తాను వేసిన కూతను రికార్డు చేయించి, ఈ బొమ్మలోని చిప్పులోకి ఎక్కించుకున్నాడు. పోయి ఆరేళ్లు. ఆయన గొంతు ఎక్కడా రికార్డు కాలేదు. ఆమెకు మిగిలింది ఆ కూతే.

పొగగొట్టం కింద హీటరు తీగ కాలిపోయింది. పొగ పుట్టించే నూనె పోయకుండా నడిపితే అంతే. తీగ ఒక్కటి మార్చి ఇచ్చేస్తే సరిపోయేది. కానీ మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేను. చదివిందంతా చూపించకపోతే చెయ్యి ఊరుకోదు.

"కొత్త బోర్డు వేస్తాను పెద్దమ్మా. చక్రం తిరిగినప్పుడల్లా పొగ గుప్పుమంటుంది. పాత కూతే అందులోకి ఎక్కిస్తాను."

"నీ చదువంతా నా ఇంజను మీదేనా?" అని నవ్వింది. "సరే కానీ, పోగొట్టావో, తాట తీస్తా."

పాత బోర్డు విప్పి, చిప్పు ఊడదీసి పాత చిప్పుల డబ్బాలో వేశాను. ఏదీ పారేయకూడదన్నది మా నాన్న పెంపకం. ప్రతి శనివారం ఆ డబ్బాలోని చిప్పుల మీద వెలుతురు పడకుండా అంటించిన కాగితాలు గీకేసి, అతినీలలోహిత దీపం కింద పెడతాను. ఇరవై నిమిషాల్లో లోపలిదంతా చెరిగిపోయి, మళ్లీ వాడుకోవడానికి వస్తాయి. ఆ శనివారం కూడా అలవాటుగా పెట్టాను. సోమవారం కూత కాపీ చేయబోతే చిప్పులన్నీ ఖాళీ.

చెప్పే ధైర్యం లేక, కొత్త బోర్డుతో వచ్చిన నలభై కూతల్లో దగ్గరగా ఉన్నది ఏరి పెట్టాను.

పెద్దమ్మ వచ్చింది. ఇంజను బొమ్మ పట్టాల మీద ఒక చుట్టు తిరిగి, కూసింది.

"బానే ఉంది. ఇక ఆయనది పెట్టు."

"అదే ఇది, పెద్దమ్మా."

ఆమె ఇంజను మీంచి చూపు తిప్పలేదు. "ఆయన కూత వేసి తాడు వదిలేసి, మళ్లీ చిన్నగా ఒక్కసారి లాగేవాడు. అది విని నేను పొయ్యి వెలిగించేదాన్ని."

"చెరిపేశాను పెద్దమ్మా. చూసుకోలేదు."

పెద్దమ్మ ఇంజనును ఆపింది. "ఈ కూత తీసెయ్. ఎవరి ఇంజనో మా ఇంట్లో కూయడమెందుకు?"

స్పీకరు తీగలు రెండూ కత్తిరించాను.

"పొగ నూనె ఎన్ని చుక్కలు పోయాలి?"

"ఆరు," అన్నాను.