పంకజాక్షి అడిగిన సెలవు

పూతలపట్టు దాటాక హైవే పక్కనున్న ఇంజినీరింగ్ కాలేజీ మెస్సులో పంకజాక్షి పెద్ద వంటమనిషి. భర్త పోయాక ఆ పొయ్యిల దగ్గర నిలబడే కొడుకు మురుగేష్‌ను అదే కాలేజీలో డిప్లొమా చదివించింది. వాడు సైన్యంలో చేరాడు. సరిహద్దులో గొడవలు మొదలైనప్పుడు కాలేజీవాళ్లు యూనిఫాంలో ఉన్న వాడి ఫోటోతో గేటు మీద పెద్ద ఫ్లెక్సీ కట్టించారు. 'మా విద్యార్థి, మా గర్వం' అని రాయించారు. అడ్మిషన్ల కాలం అది.

ఒక పొద్దున ఆమె సాంబారుకు తాలింపు వేస్తుండగా ఉధంపూర్ మిలిటరీ ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది. మాట్లాడింది మురుగేష్‌తో పనిచేసే తెలుగు జవాను. మందుపాతర పేలింది, ప్రాణానికి భయం లేదు, ఎడమ చెయ్యి మోచేతి కింద తీసేశారు అన్నాడు. వాడు ఎవరితోనూ మాట్లాడటం లేదు, అన్నం ముట్టడం లేదు, మీరొస్తే మంచిది అన్నాడు. పంకజాక్షి పొయ్యి ఆపింది. చేతులు కడుక్కొని, కాలేజీ నడిపే కరెస్పాండెంట్ దేవరాజులు గదికి వెళ్లింది.

విషయం విని దేవరాజులు లేచి నిలబడ్డాడు. కళ్లు కూడా తుడుచుకున్నాడు. "మన కాలేజీ బిడ్డమ్మా వాడు" అన్నాడు.

"రెండు నెలలు లీవు కావాల సార్. జీతం మాత్రం ఆపొద్దండి. ఇంటి బాడుగ దాంట్లోనే కట్టాల, ఆడ నేను బతకాల."

ఆయన మళ్లీ కూర్చున్నాడు. "పోయిరామ్మా, నేను వద్దన్లేదు. జీతమంటే యాడ కుదురుతాది? కాన్పుకైతే చట్టముండాది. మిలిట్రీవాళ్ల అమ్మలకు లీవియ్యమని యాడుండాది సెప్పు. పది దినాల్లో రాకపోతే ఇంకొకర్ని పెట్టుకోక తప్పదు. పిల్లోళ్లు పస్తుండలేరు గదా." బల్ల మీద కాగితాలు సర్దుకుంటూ, "దేశం కోసం మనం కూడా కొంచెం త్యాగం సెయ్యాల" అన్నాడు.

"వాడు చెయ్యి ఇచ్చినాడు సార్. నేను వాణ్నే ఇచ్చినాను. మీరేమిచ్చినారు?"

"మాట మర్యాదగా రానీ పంకజా."

ఆమె గదిలోంచి బయటికొచ్చింది. మెస్సుకు పోయి కూరగాయల కత్తి తీసుకుని గేటు దగ్గరికి నడిచింది. గోడకు నిచ్చెన ఆనించి పైకెక్కుతుంటే వాచ్‌మన్ గంగులప్ప పరిగెత్తుకొచ్చాడు.

"వద్దు పాపా, నా పని పోతాది."

"నువ్వు అట్ల తిరిగి నిలబడన్నా. నువ్వు సూడలేదు."

అతడు తిరగలేదు. నిచ్చెన కదలకుండా రెండు చేతులా పట్టుకున్నాడు. పంకజాక్షి తాళ్లు కోసి, కొడుకు బొమ్మను చాపలా చుట్టి, చంకన పెట్టుకుని ఇంటికి పోయింది. మరునాడు రేణిగుంటలో రైలెక్కింది.

ఆస్పత్రిలో మురుగేష్ తల్లిని చూసి ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. ఆమె ఏడవలేదు. పప్పన్నం కలిపి ముద్ద వాడి నోటి దగ్గర పెట్టింది, పెట్టిన చెయ్యి దించలేదు. చాలాసేపటికి వాడు నోరు తెరిచాడు.

"కాలేజీలో లీవిచ్చినారా మా?"

"ఇచ్చినారు. జీతంతో."

కొన్ని వారాల తర్వాత దేవరాజులు ఫోను చేశాడు. పంకజాక్షి గిన్నె కడుగుతోంది. మురుగేష్ ఆమె ఫోను తీసి స్పీకరు పెట్టాడు.

"పంకజమ్మా, ఆ ఫ్లెక్సీ యాడ పెట్టినావు? పోతే పోనీలే, కొత్తది కొట్టిస్తాం. ఆగస్టు పదిహేనుకి పెద్దోళ్లొస్తా ఉండారు. స్టేజీ మీద నీకు శాలువా కప్పుతామని సెప్పేసినాము. ఎట్లన్నా వచ్చెయ్."

"సార్, నేను మురుగేష్‌ని. మా అమ్మ రాదు. లీవులో ఉండాది గదా."

మురుగేష్ ఫోను నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు.

"జీతంతోనే ఇచ్చినారంట. నిజమేనా సార్?"

దేవరాజులు ఫోను పెట్టేశాడు. మురుగేష్ తల్లివైపు చూశాడు. ఆమె తల దించుకుని గిన్నె తుడుస్తోంది. గాయపడ్డాక మొదటిసారి వాడు గొంతు పెంచాడు. ఫోటో కావాలి గానీ మనిషి అక్కర్లేదా అని వార్డంతా వినపడేట్టు అరిచాడు. పక్క మంచాలవాళ్లు తెలుగు రాకపోయినా లేచి కూర్చున్నారు. పంకజాక్షి వాణ్ని ఆపలేదు. గోడవైపు తిరిగి పడుకున్న కొడుకుకంటే ఈ కొడుకే నయమనిపించింది ఆమెకు.

వాళ్లు ఊరికి తిరిగొచ్చేసరికి మెస్సులో ఆమె చోట మునిరత్నమ్మ అనే ఇంకొకామె ఉంది. పిల్లలున్న మనిషి, ఆమెను పంకజాక్షి ఏమంటుంది? దేవరాజులు ముఖం చూపించకుండా గుమాస్తాతో కబురంపాడు, పని లేదని.

చిత్తూరు బస్టాండు ఎదురుగా హోటలు పెట్టుకున్న గుణశేఖర్ ఈ సంగతి విని పంకజాక్షిని వంటపనికి పిలిపించాడు. ఆమె గడప బయటే నిలబడింది.

"వస్తానబ్బా. ఒకటి ముందే సెప్తా ఉండాను. కొడుక్కు కట్టుడు చెయ్యి పెట్టించేదానికి పూనాకు తీసకపోవాల. ఎన్ని దినాలు పట్టినా ఆ దినాలకు జీతమియ్యాల."

"సగం ఇస్తాలే అక్కా. ఈ రూలు యాడా లేదు."

"యాడా లేదనే అడుగుతా ఉండాను."

ఆమె మెట్లు దిగింది. రోడ్డు దాటకముందే గుణశేఖర్ వెనకనుంచి పిలిచాడు.

"రా అక్కా, పూర్తిగానే ఇస్తాను."

పంకజాక్షి ఆగింది గానీ వెనక్కి రాలేదు.

"ఆ మాట నీ పనోళ్లందరి ముందర సెప్పు" అంది.