భవిత వదిలిన ఆఠీను

ఆదివారం వంట ముగించి, సుశీల కూతురు భవితతో శామీర్‌పేటలో మేడ్చల్ ఆటో ఎక్కుతుంది. అక్కడ ఫంక్షన్ హాలు మీది గదిలో బ్రిడ్జి పేకాట. తల్లీకూతుళ్లు ఒక జంట.

సుశీల ఇరికించడంలో దిట్ట. ఎదుటివాళ్లు రెండు రంగులు కాపాడుకుంటున్నప్పుడు తన ఆఖరి గెలుపు ముక్క వేస్తుంది. ఏదో ఒక రంగు వదలక తప్పదు. ఏది వదిలినా అందులో పట్టు, అంటే ఆ రౌండు గెలుపు, ఆమెదే.

ముక్కతో పాటు వాళ్లకు ఇంకొకటి పోతుంది. ఇస్పేటు వదిలితే చేతి పనితనం. ఆఠీను వదిలితే అందరికన్నా ఇష్టమైన ప్రాణి మరుపున పడుతుంది. ఇస్పేటు వదిలిన యాదయ్య స్కూటర్ నడపలేక బస్సులో వస్తున్నాడు. ఆఠీను వదిలిన ఇస్తారి తన కుక్కను మరిచాడు. "నన్నెందుకు మరవలే?" అని ఆయన భార్య ఇంకా అలిగే ఉంది.

ఒక ఆదివారం పోటీ. జంటలకు చీటీలు తీస్తే సుశీలకు యాదయ్య వచ్చాడు. భవిత ఎదుటి జంటలో పడింది.

భవిత కంటి ఆపరేషన్ల డాక్టరు. చెరువులో చేపలు పట్టే లింగం కొడుకు ప్రణయ్‌ని చేసుకుంటానంటోంది. వీళ్లది ఎకరాలున్న ఇల్లు. సుశీలకు ఇష్టం లేదు.

మూడేసి ముక్కలు మిగిలాయి. భవిత చేతిలో ఇస్పేటు రాణి, జాకీ, ఆఠీను రాజు ఉన్నాయని సుశీలకు లెక్క తేలింది. ఒక పట్టు వదిలేసినా పోయేదేం లేదు, తన జంట ముందే ఉంది. కానీ ఆపరేషన్ చేసే చేతులను భవిత వదులుకోదు. ఆఠీనే వేస్తుంది. ప్రణయ్‌ని మరిచిపోతుంది.

సుశీల ఆఖరి డైమండ్ వేసింది.

ముక్కలు పరిచి డమ్మీగా కూర్చున్న యాదయ్య ఆమె వంక చూశాడు. డమ్మీ మాట్లాడకూడదు.

"అమ్మా, కావాల్నని వేసినవా?"

"ఆటల గంతే బిడ్డా. జల్దీ ఎయ్యి."

"రేపు శంకరమ్మవ్వ కన్ను ఆపరేషనుంది నాకు." భవిత స్కోరు కాగితం మీద 'ప్రణయ్ నావోడు' అని రాసుకుంది. ఆఠీను రాజును పడేసింది.

మిగిలిన పట్లన్నీ సుశీలవే.

భవిత కాగితం చూసి నవ్వింది. "గిదెందుకు రాసుకున్న? ప్రణయ్ మంచిగ యాదికున్నడు గదా!"

సుశీల కాగితం అందుకోబోయింది. ముక్కలు కింద పడ్డాయి. భవిత వంగి ఏరిచ్చింది.

"మస్తు ఆడిండ్రు ఆంటీ. ఏ ఊరు మీది?"

"శామీర్‌పేట."

"అరె, మాది గూడ గదే. ఒక్కరే వచ్చిండ్రా? కలిసి పోదాం రాండ్రి."

ఆటోలో భవిత జరిగి చోటిచ్చింది. "మీకు పిల్లలున్నరా ఆంటీ?"



"ఒక బిడ్డ," అంది సుశీల. "నాతోని ఆడుతుండె."