కుడిచేతి కత్తి

ఎముకల దెయ్యం మీద కత్తి పడింది. అది రెండు ముక్కలై పెద్ద చప్పుడుతో కూలింది. వంటింట్లో చింతపండు పిసుకుతున్న కృపామణి ఆ చప్పుడు విని, "ప్రభువా, స్తోత్రం" అంది.

ముందుగదిలో టీవీలో ఆట ఆడుతున్నది ఆమె భర్త ప్రేమరాజు. నర్సీపట్నం పాత బస్టాండు సందులో అతని టైలరు షాపు తెలియని ఇల్లు లేదు. గొలుగొండ నుంచి కూడా పెళ్లిబట్టలు తెచ్చి ఇచ్చేవారు. ఎండాకాలంలో ఒక పొద్దున, గుడ్డ కత్తిరిస్తూ ఉండగా చేతిలోంచి కత్తెర జారింది. తీసుకోబోతే చెయ్యి మాట వినలేదు. పక్షవాతం అన్నారు. కాలు, మాట కొంత వెనక్కి వచ్చాయి. కుడిచెయ్యి మాత్రం ఎవరో వదిలేసి వెళ్లిన వస్తువులా ఒళ్లో పడి ఉండేది. షాపు షట్టరు మళ్లీ ఎత్తలేదు.

ఆట తెచ్చింది కూతురు దీనా. విశాఖపట్నంలో నర్సు. చెయ్యి పడిపోయినవాళ్లతో ఇలాంటివి ఆడిస్తారని చెప్పి, స్నేహితురాలి దగ్గర పాతది అడిగి తెచ్చింది. కుడిచేతిలో రిమోటు పెట్టి మణికట్టుకి పట్టీ కట్టింది. ఎడమచేతిలో చిన్న మీట. మీట తోస్తే టీవీలో రాజకుమారుడు నడుస్తాడు. కుడిచెయ్యి విసిరితే కత్తి విసురుతాడు.

మొదట్లో రాజకుమారుడు గుంజలా నిలబడి దెబ్బలు తినేవాడు. కృపామణికి చూస్తూ ఉండబుద్ధయ్యేది కాదు.

"కొట్టండీ! బేగి కొట్టండి, మీదకొచ్చేస్తంది!" అని గరిటె పట్టుకుని అరిచేది. ప్రేమరాజు ముఖమంతా చెమట పట్టేది. రాజకుమారుడు చచ్చిపోయేవాడు.

ఒక సాయంత్రం కత్తి లేచింది. మర్నాడు మళ్లీ లేచింది. ఆ వారం గుహలో గబ్బిలాలు పోయాయి, తర్వాత తోడేళ్లు పోయాయి. పక్కింటి ఎస్తర్ రాణి గోడ మీంచి అడిగింది.

"నిజవేనా వదినా? అన్నయ్య సెయ్యి వొచ్చేసిందంట?"

"నా కళ్లతో సూసానే. కత్తి ఇలా ఎత్తి, అలా నరికేస్తన్నారు."

"అయితే నా జాకెట్టు ముక్కలు ఇంకెవరికీ ఇవ్వనులే. అన్నయ్యే కుట్టాల."

మేలు జరిగిన ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టి, ఇంటివాళ్లు లేచి ఆ మేలు గురించి అందరి ముందూ సాక్ష్యం చెప్పడం వాళ్ల సంఘంలో ఉన్న పద్ధతే. కృపామణి ఆదివారం ఆరాధన అవ్వగానే పాస్టరుగారిని అడిగేసింది. ఆయన అక్కడే, అందరూ వింటుండగా, శనివారం సాయంత్రం అని ప్రకటించేశారు.

"అప్పుడే... ఏటి తొందర?" అన్నాడు ప్రేమరాజు, మాటలు కూడబలుక్కుంటూ.

"దేవుడు మేలు సేస్తే దాసుకుంటామేటండీ?"

అతను టీవీ వైపు తిరిగిపోయాడు.

శనివారం పులిహోర కలిపి, ఎరువు తెచ్చిన టార్పాలిన్ పట్టాలు పరిచి, బూజు దులపడానికి ఆమె టీవీ వెనక్కి వెళ్లింది. ప్రేమరాజు ఎదురుగా కుర్చీలో ఆడుకుంటున్నాడు. అక్కణ్నించి ఆమెకి టీవీ కనిపించదు, భర్త ఒక్కడే కనిపిస్తాడు.

కత్తి గాలిని కోసిన చప్పుడు వినిపించింది. దెయ్యం మూలిగింది. కృపామణి తలెత్తి చూసింది.

కుడిచెయ్యి తొడ మీదే ఉంది. లేవలేదు. వేళ్లు చలికి వణికినట్టు కొద్దిగా వణికాయి. మళ్లీ కత్తి చప్పుడు, మళ్లీ మూలుగు. ఇంకో వణుకు. ఏదో పెద్దది కూలిపోయింది.

చీపురుతోనే ఆమె కుర్చీ దగ్గరికి వచ్చింది.

"ఏవండీ... ఇంతేనా?"

ప్రేమరాజు ఆట ఆపలేదు. "ఇంతే. ఏమాత్రం కదిల్తే సాలు. అది నరికేస్తాది."

"మరి నాకు సెప్పలేదేటి?"

"మొదటి రోజే సెప్పాను, మణీ. నువ్వు స్తోత్రం అన్నావు."

ఆమె జ్ఞాపకంలో వెతుక్కుంది. అతను ఏదో అన్నట్టే ఉంది. తను విననేలేదు. ఈ మూడు వారాలూ టీవీకేసి తప్ప చేతికేసి చూసిందా? రాత్రి అన్నం కలిపి పెడుతున్నది తనే, చొక్కా గుండీలు పెడుతున్నది తనే. అయినా చూడలేదు.

"పాస్టరుగారికి ఫోన్ సేసి వొద్దని సెప్పెయ్యనా?" అంది. అనగానే గేటు దగ్గర స్కూటరు ఆగింది.

గది నిండిపోయింది. పాట పాడారు, ప్రార్థన చేశారు. పాస్టరుగారు సంచిలోంచి తెల్లటి చొక్కా గుడ్డ తీశారు. "క్రిస్మస్ చొక్కా. మొదటి కత్తెర నా గుడ్డ మీదే పడాలని దాచాను, ప్రేమరాజూ."

ప్రేమరాజు భార్యకేసి చూశాడు. ఆమె వంగి పట్టా అంచు సర్దింది.

"కత్తెర సంగతి తర్వాత పాస్టరుగారూ," ఎస్తర్ రాణి అంది, "ముందు ఆ యుద్ధం సూడాల. వదిన ఒకటే సెప్తాది. పెట్టన్నయ్యా!"

ఎవరో స్విచ్చి వేశారు. అందరూ టీవీ వైపు సర్దుకుని కూర్చున్నారు. కృపామణి మాత్రం టీవీ పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. ఆమెకి కనిపిస్తున్నది చెయ్యి. వేళ్లు వణికాయి.

"ఓలమ్మ, ఏటి దెబ్బ!"

మళ్లీ వణికాయి.

"స్తోత్రం! హల్లెలూయ!" ముసలి జోగులమ్మ కళ్లు తుడుచుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. చివరి దెయ్యమూ పడిపోయాక పాస్టరుగారు లేచి, తెల్లగుడ్డ మడత ప్రేమరాజు ఒళ్లో పెట్టారు. రిమోటుతో సహా చెయ్యి దాని కింద కప్పబడిపోయింది.

"నిదానంగానే కుట్టు. తొందరేం లేదు" అన్నారు. తర్వాత ఇటు తిరిగారు. "కృపామణమ్మా, సాక్ష్యం."

ముఖాలన్నీ ఆమె వైపు తిరిగాయి. ఎస్తర్ రాణి అప్పుడే నవ్వుతోంది, వినబోయేది తనకి తెలుసన్నట్టు. కృపామణి కొంగు తలమీదికి లాక్కుంది. భర్తకేసి చూసింది. మీరే చెప్పండి అన్నట్టూ ఉంది ఆ చూపు, చెప్పొద్దు అన్నట్టూ ఉంది.

"అందరికీ వందనాలు" అంది. తర్వాతి మాట రాలేదు.

"సంతోషంతో గొంతు పూడుకుపోయింది" అంది జోగులమ్మ.

ప్రేమరాజు ఒళ్లో తెల్లగుడ్డ మెల్లగా కదులుతోంది. టీవీలో దెయ్యాలేవీ మిగల్లేదు. ఖాళీ గుహలో రాజకుమారుడు ఒక్కడే నిలబడి, ఎవరూ లేని చోట కత్తి విసురుతూనే ఉన్నాడు.