దారి కొమ్మలు

మద్యం ముట్టబోమని ప్రమాణం చేసినవాళ్ళ పుస్తకం ఎలిఫలెట్ స్టర్డివెంట్ ముందు తెరిచి ఉంది. అందులో జోథమ్ టిబ్బెట్స్ పేరు కొట్టేయడానికే ఆ మధ్యాహ్నం ఊరంతా చర్చిలో కూడింది. జోథమ్ తాగి బండి తోలి, దారి తప్పి నదిలో మునిగాడని అందరి నమ్మకం. ఆ మద్యనిషేధ సంఘానికి అధ్యక్షుడు కాబట్టి కలం ఎలిఫలెట్ చేతికే వచ్చింది.

ఊరి పక్క కెన్నెబెక్ నది గడ్డకట్టిందంటే ఎలిఫలెట్‌కి పంట పండినట్టే. మంచుగడ్డలు కోయించి, ఓడలకెక్కించి అమ్మి, ఆ పలుకుబడితోనే రాష్ట్ర సెనేటుదాకా వెళ్ళాడు. గడ్డకట్టిన నది మీద బండ్లదారికి ఇరువైపులా దేవదారు కొమ్మలు పాతడం అక్కడి ఆచారం. కొమ్మల మధ్య నడిస్తే భయం లేదు. బయటికెళ్తే ఎవరి ఖర్మ వాళ్ళది.

జనవరిలో ఒకరోజు ఆ దారిలోనే మందపాటి గడ్డ కనబడింది. ఆశ ఊరుకుంటుందా? కోయించేశాడు. "కొమ్మలు పక్కకి నేను మారుస్తాలే, మీరు గడ్డలు కొట్లో చేర్చండి" అని కూలీలని పంపేశాడు. తర్వాత విందుకెళ్ళి, ఓట్ల కబుర్లలో పడి మర్చిపోయాడు మహానుభావుడు! తెల్లవారుజామున గుర్తొచ్చి పరిగెత్తేసరికి నీళ్ళలో జోథమ్ టోపీ తేలుతోంది. అప్పుడు మార్చాడు కొమ్మలు, కోసినచోటు దారి బయట పడేలా, ఒక్కడే, ఎవరూ చూడకుండా. ఆనాటి నుంచీ తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నాడు.

"ఆయన చుక్క ముట్టలేదండీ" అంది జోథమ్ భార్య హెప్సిబా, ముందు వరసలో లేచి నిలబడి. "నా పిల్లలకి ఆ పేరొక్కటే మిగిలింది. కొట్టేయకండి."

ఎలిఫలెట్ కలం కింద పెట్టేశాడు.

"జోథమ్ తాగలేదు, దారీ తప్పలేదు. దారి కోయించింది నేను. వాడు మునిగాక కొమ్మలు మార్చిందీ నేనే."

చర్చి పెద్ద పెలటయా కళ్ళు తుడుచుకుంటూ లేచాడు. "చూశారా! ఆడకూతురి కన్నీళ్ళు చూడలేక, చెయ్యని పాపం నెత్తినేసుకుంటున్నాడు!"

"కాదయ్యా, నిజంగానే..."

"ఊరుకోవయ్యా ఎలిఫలెట్! ఆ రాత్రంతా మా ఇంట్లో విందులోనేగా ఉన్నావు! నా బాతు మొత్తం నువ్వే తిన్నావు!"

అందరూ నవ్వారు, తర్వాత చప్పట్లు కొట్టారు. నిజం చెబితే నిష్ఠూరమంటారు, ఎలిఫలెట్‌కి అదీ దక్కలేదు. సెనేటరు గారి మంచి మనసు చూసి తాగుబోతు జోథమ్‌ని క్షమించామని, పేరు ఉండనిద్దామని తీర్మానించారు.

జనం వెళ్ళిపోయాక హెప్సిబా బల్ల దగ్గరికొచ్చింది. ఎలిఫలెట్ తలెత్తలేకపోయాడు.

"క్షమించారటండీ మా ఆయన్ని" అంది. "మీకేం, సెప్టెంబరులో ఓట్లన్నీ మీకే."

"నేను చెప్పింది నిజమమ్మా."

"తెలుసు. నమ్మింది నేనొక్కదాన్నే" అంది శాలువా తలమీదికి లాక్కుంటూ. "ఆడదాన్ని, నాకు ఓటు లేదుగా."