ఆగితే వేడి గాలి

పొదిలి సెంటర్లో లారీల వెనక కారు ఆగిన ప్రతిసారీ ఏసీలోంచి వేడి గాలి కొట్టేది. అరుణకుమారి పక్క సీటులో ఉన్న తండ్రి మస్తానయ్య వైపు చూసేది. ఆయన తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో వయసంతా రాయి కోసిన మనిషి. ఆ పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. అద్దం దించితే రోడ్డు దుమ్ముకి దగ్గు తెర పట్టుకుంటుంది, ఎత్తితే ఉడికిపోతాడు. ఆయన్ని ఒంగోలు డాక్టరు దగ్గరికి తిప్పడానికే ఆమె ఈ కారు తీసుకుంది.

కారు తమ్ముడు గోవర్ధన్‌ది. అతనికి గిద్దలూరులో ఎరువుల దుకాణం ఉంది. కొత్త బండి కొనుక్కుని, పాతది జనవరిలో అక్కకి ఇచ్చాడు. "పాత బండే గానీ ఏసీ మాత్రం ఐసు మాదిరుంటాదక్కా" అన్నాడు. చలికాలం కావడంతో ఏసీ వేసి చూసే అవసరం ఎవరికీ రాలేదు. శివరాత్రి దాటి ఎండలు ముదిరాక సంగతి బయటపడింది.

మార్కాపురంలో కంభం రోడ్డు మీద షెడ్డు పెట్టుకున్న నరేష్ గ్యాస్ తగ్గిందన్నాడు. గ్యాస్ నింపి, ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఊరి బయట రోడ్డు మీద వేగంగా ఒక చుట్టు తిప్పాడు. "చెయ్యి పెట్టి చూడక్కా" అన్నాడు. వేళ్లు జివ్వుమన్నాయి. మర్నాడు ఆమె పాఠాలు చెప్పే కాలేజీ ముందు ఆటోల మధ్య ఇరుక్కుంటే మళ్లీ వేడి గాలి. మళ్లీ షెడ్డు, మళ్లీ గ్యాస్, మళ్లీ చల్లదనం. ఊళ్లోకి రాగానే మళ్లీ అదే కథ.

తను అటు తిరగగానే వీడు నింపిన గ్యాస్ వదిలేస్తున్నాడేమో అనిపించింది ఆమెకి. మూడోసారి కుర్చీ వేసినా కూర్చోకుండా, నరేష్ చేతులు ఎటు పోతే అటు చూస్తూ పక్కనే నిలబడింది. అతను పానా కింద పెట్టాడు.

"నా మీద అనుమానమా అక్కా? అయితే ఒకటి చూపిస్తా, ఇట్ల రా." ముందు బంపర్ మీద వేలు పెట్టాడు. "ఈ తెలుపు వేరే, పక్కన తెలుపు వేరే. ముందు తట్టు దేన్నో గుద్దింది ఈ బండి. లోపల యాడో లీకు ఉండుంటాది. నీకిచ్చినోళ్లు చెప్పలేదా?"

ఆమె వంగి చూసింది. నిజంగానే రెండు తెలుపులు కలవలేదు.

ఇంటికి పోయి ముందు తమ్ముడికి ఫోన్ చేసింది. "కారుకి ఎప్పుడన్నా యాక్సిడెంట్ అయిందా?"

అవతల కొంచెంసేపు మాట లేదు. "లేదక్కా. ఏంది అట్ల అడుగుతాండావు?"

ఆ కొంచెంసేపే ఆమెకి సరిపోయింది. ఫోన్ పెట్టేసి తండ్రితో అంది: "చెడిపోయిన బండి అని తెలిసే నాకు అంటగట్టినాడు నాయనా నీ కొడుకు."

మస్తానయ్య తలెత్తలేదు. "వదిలేయమ్మా" అని లేచి వరండాలోకి వెళ్లిపోయాడు. కొడుకుని వెనకేసుకొస్తున్నాడనుకుంది. ఆ తర్వాత కూడా ఆమె గోవర్ధన్ పేరెత్తితే చాలు, ఆయన నీళ్లకో, మందులకో లేచేవాడు. తండ్రీ కొడుకులు ఇద్దరూ కలిసి తన దగ్గర ఏదో దాస్తున్నారు.

గోవర్ధన్ ఫోన్లు ఎత్తడం మానేసింది. ఒకరోజు మరదలు భాగ్య చేస్తే ఎత్తి, "మీ మొగుడూ పెళ్లాలకి మోసం చేయడానికి నేనే దొరికినానా?" అని అడిగింది. భాగ్య ఒక్క మాట కూడా తిరిగి అనలేదు. ఆ మౌనాన్ని కూడా అరుణకుమారి తప్పు ఒప్పుకోవడం కిందే జమ కట్టుకుంది.

మే నెలలో ఒక ఆదివారం, కారు తీసుకెళ్లి తమ్ముడి వాకిట్లో వదిలేసి బస్సులో వచ్చేద్దామని బయల్దేరింది. మస్తానయ్య, "నేనూ వస్తా" అన్నాడు. ఈ ఎండలో వద్దన్నా వినలేదు.

కంభం దాటిందాకా ఏసీ చల్లగానే ఉంది. ఇవాళ కూడా నన్ను అబద్ధాలకోరుని చేస్తుందనుకుంది. రాచర్ల అడ్డరోడ్డు దగ్గర గొర్రెల మంద రోడ్డుకి అడ్డం పడింది. కారు ఆపింది. మంద కదిలేలోపు చల్లటి గాలి గోరువెచ్చనై, వేడెక్కింది. మంద దాటిపోయి కారు మళ్లీ వేగం అందుకునేసరికి చల్లబడింది. ఆమె రోడ్డు పక్కన మళ్లీ ఆపి చూసింది. వేడి.

"చూసినావా నాయనా? ఆగితేనే వేడి వస్తాంది."

మస్తానయ్య ఏసీ వైపు చూడటం లేదు. అద్దంలోంచి వెనక్కి, మంద వైపు చూస్తున్నాడు.

"ఇక్కడే అమ్మా" అన్నాడు.

"ఏంది ఇక్కడ?"

"చలికాలంలో వాడు నన్ను గిద్దలూరు తీసుకపోతాంటే ఇక్కడ నాకు దగ్గు తెర పట్టుకుంది. ఊపిరి ఆడలా. వాడు నీళ్ల సీసా అందిస్తా నా తట్టు తిరిగినాడు. గొర్రె అడ్డమొచ్చింది. దాన్ని గుద్ది బండి రోడ్డు దిగిపోయింది, తిరగబడలేదంతే." ఆయన ఆగి ఊపిరి తీసుకున్నాడు. "బండి ముందుభాగం నలిగింది. నీకు చెప్తానన్నాడు వాడు. నేనే వద్దని ఒట్టేయించుకున్నా."

"నా దగ్గర దాచాల్సింది ఏముంది అందులో?"

"నా దగ్గు వల్ల బిడ్డ చచ్చిపోయేటోడు ఆ పొద్దు. అది నీకు తెలిస్తే నన్ను కారెక్కించుకునేదానికి నువ్వూ భయపడతావని. వాడిని నువ్వు అన్నన్ని మాటలు అంటాంటే చెప్పాలనే ఉండె. పొద్దులు గడిచేకొద్దీ నోరు రాలా."

అరుణకుమారి స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చుండిపోయింది. తండ్రి మీద జాలి కలిగింది. కానీ అనుమానం అంత తొందరగా దిగలేదు.

"ఏసీ చెడిపోయిందని వాడికి తెలుసా?"

"అది నాకు తెలీదమ్మా."

గిద్దలూరులో గోవర్ధన్ ఇంటి ముందు కారు ఆపినా ఇంజన్, ఏసీ ఆపలేదు. బయటికి వచ్చిన తమ్ముడితో, "నాయన చెప్పినాడు. బోనెట్ ఎత్తు" అంది. అతను తండ్రి ముఖంలోకి చూసి, ఏమీ అడగకుండా ఎత్తాడు. లోపల పక్కపక్కన రెండు ఫ్యాన్లు. ఇంజన్‌ని చల్లబరిచేది తిరుగుతోంది. ఏసీది కదలడం లేదు.

గోవర్ధన్ ఇంజన్ ఆపించి, వంగి చెయ్యి దూర్చి, బంపర్ వెనక వేలాడుతున్న వైరు పట్టి చూపించాడు. దాని చివర ప్లగ్ దుమ్ము పట్టి ఉంది. "బంపర్ మార్చినోళ్లు దీన్ని తిరిగి పెట్టలేదక్కా. బండి పోతాంటే ఎదురుగాలికి చల్లబడుతాది. ఆగితే ఈ ఫ్యాన్ తిరగాల."

"నీకు ముందే తెలుసునా?"

ఆమె అతని కళ్లలోకే చూస్తూ అడిగింది. ఈసారి గోవర్ధన్ ఆలోచించుకోలేదు. "తెలిస్తే, నాయన కూర్చునే బండిలో అట్లే ఇడుస్తానా?"

ప్లగ్ దాని చోట నొక్కాడు. ఇంజన్ వేసి ఏసీ పెట్టగానే రెండో ఫ్యాన్ కూడా గిర్రున తిరిగింది. నడినెత్తి ఎండలో, నిలబడ్డ కారులో అక్కాతమ్ముళ్లు వెనక సీట్లో కూర్చున్నారు, తండ్రి ముందు కూర్చున్నాడు. కాసేపటికి మస్తానయ్య ముక్కు మీది తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నిన్ను శానా మాటలన్నాను" అంది అరుణకుమారి.

"నేనూ ఫోన్లో అబద్ధం చెప్పినా గదక్కా. పోనీలే" అన్నాడు గోవర్ధన్.

లోపలికి వెళ్లేసరికి భాగ్య అన్నానికి ఆకులు వేసి ఉంచింది. వడ్డించింది, మామగారికి పక్కన కూర్చుని మజ్జిగ కలిపి ఇచ్చింది. అరుణకుమారి ఆమె వెనకే వంటింట్లోకి పోయి, "నిన్ను అట్ల అనకుండా ఉండాల్సింది భాగ్యా" అంది.

"అన్నం చల్లారిపోతాది వదినా, తినండి" అంది భాగ్య. ఎప్పుడూ నువ్వు అనే మనిషి 'తినండి' అంది.

ఆ వేసవంతా మస్తానయ్య ఒంగోలు ప్రయాణాలు సుఖంగానే జరిగాయి. గోవర్ధన్ ఎప్పటిలా రోజూ ఫోన్ చేస్తూనే ఉన్నాడు. భాగ్య మాత్రం, వదిన చేసినప్పుడు, ఎందుకు చేసిందోనని ముందు కొంచెం ఆగి, అప్పుడు మాట్లాడేది. ఆ ఆగడం పోవడానికి చాలా కాలమే పట్టింది.