ఊపు తగ్గిన గీత

మాంతీ కుడుములు ఎంత చిన్నగా మడిస్తే కోడలు అంత నేర్పరి అనేవారు మా అత్తగారు మువల్లా. ఆవిడ పోయి ఏడాది దాటింది. అయినా పిండి ముక్కల్లో ఖీమా పెట్టి మడుస్తుంటే, ఆవిడ నా వెనకే నిలబడి చూస్తున్నట్టు మెడ బిగుసుకుపోతుంది. ఆ ఆదివారం కూడా అలాగే ఉంటే, మనసు మళ్లించుకోవడానికి పిండి చేతులతోనే ఫోన్ తెరిచి బ్యాంకు షేర్ల ఫండ్, ఆ ఈటీఎఫ్ ధర, చూశాను.

బాబు పుట్టకముందు నేను ఇక్కడే, ఇస్తాంబుల్‌లో, ఒక బ్రోకరేజీలో విశ్లేషకురాలిని. తర్వాత మానేశాను. మానేశాననేది మా ఆయన తహ్సీన్ మాట, మాన్పించారనేది నాది. ఇప్పుడు వంటింట్లో మార్కెట్ గురించి నేను చెప్పినదాన్ని తన మాటగా స్నేహితుల గ్రూపులో పెడతాడు. "తహ్సీనన్నా, నీ లెక్కంటే లెక్కే!" అని వాళ్లు మెచ్చుకుంటే నాకే చదివి వినిపిస్తాడు.

ఆ రోజు హుషారుగా వచ్చాడు.

"చూశావా, మళ్లీ కొత్త గరిష్ఠం! నీ పెళ్లి గాజులు తీయ్. అమ్మేసి ఇందులో పెడదాం."

"ధర పెరుగుతోంది గానీ ఊపు తగ్గుతోంది," అన్నాను. "పోయిన నెల శిఖరం దగ్గర, ఊపును కొలిచే ఆర్‌ఎస్‌ఐ గీత డెబ్బై ఎనిమిదిలో ఉంది. ఇప్పుడు ధర అంతకంటే పైకెళ్లినా అది అరవై మూడే. ఇలాంటప్పుడు కొనొద్దు."

"నీ మొహం! అది గీత కాదు, నీ పిరికితనం. మా అమ్మ ఎప్పుడైనా నాన్నకి అడ్డం చెప్పిందా?"

చెప్పలేదు. అది నాకూ తెలుసు. మంచాన పడ్డాక నేను స్నానం చేయిస్తుంటే, ఆవిడ బోసి మణికట్టును రెండో చేత్తో తడుముకుంటూ ఉండేవారు. ఒక్కసారే నోరు విప్పారు: "గాజులన్నీ మీ మామగారు ఓ బ్యాంకు షేర్ల కోసం పట్టుకెళ్లారే. ఆ బ్యాంకు మూతపడింది. పోతే పోయాయి. ఇవ్వనని నోటిదాకా వచ్చిన మాట మింగేశాను చూడు, అదింకా గొంతులోనే ఉంది నెస్రీన్."

తహ్సీన్ చెయ్యి చాపాడు. అప్పుడు గమనించాను, నా వేళ్లు నా మణికట్టును తడుముతున్నాయి, అచ్చం ఆవిడలాగే.

"ఇవ్వను."

ఆ గొంతు నాదిలా లేదు. సన్నగా, ముసలిగా, వణుకుతూ ఉంది. తహ్సీన్ మొహం పాలిపోయింది.

"ఏమన్నావ్?"

"ఇవ్వనన్నాను." ఈసారి గొంతు నాదే.

విసురుగా వెళ్లిపోయాడు. తమ్ముడి దగ్గర అప్పు తెచ్చి కొన్నాడు. తర్వాతి వారం ఫండ్ ఇంకా పెరిగింది. భోజనాల దగ్గర ఫోన్ నా మొహం ముందు పెట్టాడు.

"ఏమైందమ్మా నీ జోస్యం? పడిందా?"

"పడుతుందని నేననలేదు. ఊపు తగ్గిందన్నాను. ఇంకా పెరిగినా పెరగొచ్చు," అన్నాను, అతని పళ్లెంలో పెరుగు వేస్తూ. "కానీ తహ్సీన్, ఆ గీత నిటారుగా ఆకాశానికి పోతున్నా సరే, నేను గాజులు ఇచ్చేదాన్ని కాదు."