ఆరు గీతల చీటీ

ఉతికే ముందు భర్త చొక్కా జేబులు తడమడం ఆమెకు ముప్పై ఏళ్ల అలవాటు. ఆ వేళా చీటీ దొరికింది. పెన్సిలుతో ఆరు గీతల వలయం, దానికి వంకర తోక, కింద చేంతాడంత పేరు. ఏదో రసాయనం. వెతికిపెట్టమని రాయలేదు. రాయనక్కర్లేదు.

మొదటి చీటీ పెళ్లికి ముందు, లైబ్రరీ బల్ల మీదుగా వచ్చింది. ఆయన పరిశోధక విద్యార్థి, ఆమె కొత్తగా చేరిన లైబ్రేరియన్. దిండంత లావు రసాయనాల సూచికలు దించి, వేళ్లు నల్లబడేలా తిప్పేది. ఒకే పదార్థాన్ని ఒక్కొక్కరు ఒక్కో పేరుతో రాస్తారు. ఆయన ఒక పేరు రాసిస్తే, ఆమె బొమ్మ చూసి అయిదు పేర్లు ఊహించి, అయిదు చోట్లా వెతికేది. దొరికితే ఇద్దరూ ఒకే పేజీ మీదికి వంగేవారు. ఆ పాత కాగితం వాసన తలుచుకుంటే ఆమె మనసు ఇప్పటికీ మెత్తబడుతుంది.

పెళ్లయ్యాక చీటీలు జేబులోకి మారాయి. ఆయన సిద్ధాంత గ్రంథంలో ఆమెకు దక్కింది ఒక్క ముక్క: ‘ఓపిక పట్టిన నా శ్రీమతికి’. అత్తగారు అది చదివించుకుని, నీడపట్టున కూర్చుని పుస్తకాలు తిప్పేదానికి ఓపికెందుకే అంది.

నిన్న లైబ్రరీ కమిటీ కూర్చుంది. కెమిస్ట్రీ వాళ్లకు ఇకపై రెండు డేటాబేసుల్లో ఒక్కటే ఉంచాలి. ఒకదాంట్లో పేరు కొట్టి వెతకాలి. రెండోదాంట్లో బొమ్మ గీస్తే చాలు, ఎవరు ఏ పేరు పెట్టినా, పాత పేటెంట్లలో దాగినా పట్టుకొస్తుంది. ఆమె రెండోదే కావాలని రాసిచ్చింది. శాఖాధిపతి కుర్చీలో ఉన్న ఆయన ఆ కాగితం తిరగేసి నవ్వాడు.

“బొమ్మలు గీయడం పిల్లల పని. ముప్పై ఏళ్లుగా నేను పేరుతోనే వెతుకుతున్నాను. ఒక్కటైనా తప్పిపోయిందేమో చెప్పమనండి.”

తప్పిపోలేదు, నిజమే. పేరుకీ జవాబుకీ మధ్య ఒక మనిషి ఉందన్న సంగతి ఆయనకు తెలియదని ఆమెకు అప్పుడు తెలిసింది. అందరూ ఆయన మాటకే చేతులెత్తారు. మూల కూర్చుని మినిట్స్ రాస్తున్న ఆమె ఆయన మాట పొల్లుపోకుండా రాసుకుంది.

ఇప్పుడు ఈ చీటీ. లోకంలో ఎవరూ చేయనిది తాను చేశానని ఆయన వారంగా చెప్పుకుంటున్నాడు. రేపే వ్యాసం పత్రికకు పంపుతాడు. కానీ ఆ తోకను ఆమె ఎరుగును. ఆకుపచ్చ అట్ట సంపుటంలో, ఓ పాత పేటెంటు కింద, వేరే పేరుతో ఎప్పుడో నమోదైంది. పిట్టలా ఉంది చూడండని పెళ్లికి ముందు ఓ రోజు ఆయనకు చూపించింది కూడా. ఆయన పేజీ చూడలేదు. ఆమెనే చూశాడు.

“చీటీ చూశావటోయ్?” హాల్లోంచి కేక.

“చూశానండీ. పేరు రాశారుగా. కొట్టుకోండి.”

కాసేపు కీబోర్డు చప్పుడు. తర్వాత ఆయన గొంతు, లైబ్రరీ బల్ల నాటి హుషారుతో.

“ఏమీ రాలేదోయ్. చెప్పలేదూ, కొత్తదే.”

ఆమె చొక్కా నీళ్లలో ముంచింది. ముప్పై ఏళ్ల కిందట ఆయన అచ్చేయించిన మాట ఇవాళ మొదటిసారి నిజమైంది. ఆమె ఓపిక పట్టింది.